పదహారో చుక్క

మీరే పట్టుకున్నారు. ఎవరూ తప్పించుకోవద్దు. లేవి పంతులూ, కుడిచేతిని బండకు అదిమి పట్టింది నువ్వు. ఉరుకుందప్ప మేస్త్రీ, ఎడమ భుజం మీద మోకాలు పెట్టింది నువ్వు. వరమ్మక్కా, కన్నతల్లివి, తల పట్టుకున్నది నువ్వు. కాళ్ల మీద కూర్చున్నవాణ్ని నేను. ఏసుమణికి నేను సొంత మేనమామను. అయినా కూర్చున్నాను.

నలుగురం చేసిన పనికి నలుగురం బాగానే తిరుగుతున్నాం. ఆ పిల్ల మాత్రం కడపలో ఒక ఆస్పత్రిలో రెండు చేతులూ మంచం కోళ్లకు కట్టించుకుని పడుకుని ఉంది. ఆమె ఏం నేరం చేసిందని అడిగితే మీలో ఒక్కరికీ జవాబు లేదు. నాకూ లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను. బాగా రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కోసిగి పక్కన పల్లె. వాన పడని ఏడు దసరా రాకముందే మా పేట ఖాళీ అవుతుంది. రైలెక్కి గుంతకల్లు మీదుగా ఎర్రగుంట్లకు వస్తాం, నాపరాతి గనుల్లో పనికి. మగవాళ్లు గడ్డపారలతో పలకలు లేపుతారు, ఆడవాళ్లు తలల మీద మోస్తారు. మా బావ ఏసేపు మూడేళ్ల కింద ఆ గనిలోనే పలక మీద పడి చనిపోయాడు. మిగిలింది మా అక్క వరమ్మ, ఆమె కూతురు ఏసుమణి. ఇరవై రెండేళ్ల మనిషి ఏసుమణి.

ఆ పిల్ల మాట్లాడదని అంటారు. అబద్ధం. కావాల్సినప్పుడు ఒక మాట మాట్లాడుతుంది. కావాల్సింది ఏడాదికి పదిసార్లే వస్తే అది ఆమె తప్పా? మనిషి మొహంలోకి చూడదు. వెనక నుంచి ఎవరైనా చెయ్యి వేస్తే మరిగే నీళ్లు పోసినట్టు అరుస్తుంది. మా ఏసు గుడి గంట కొడితే చెవులు మూసుకుని బొమ్మజెముడు కంచె దాకా పరుగెత్తి, ఆరాధన అయ్యేదాకా అక్కడే కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతుంది. లేవి పంతులు దయ్యం పట్టిందని మూడుసార్లు నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. మూడోసారి ఆమె ఆయన వేలు కొరికింది. దయ్యం ఉందన్నదానికి ఆయనకు అదే సాక్ష్యమైంది. ఊళ్లో పిచ్చిది అన్నారు, మొద్దు అన్నారు. ఆమెకున్నది ఏమిటో, దానికి పేరేమిటో నాకు తెలియదు. తెలియనిదానికి పేరు పెట్టను.

గనిలో మాత్రం ఆ పిల్లకు సాటి లేదు. పలక అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే చాలు, దాని మందం తెలిసిపోతుంది. అంగుళం పలకలు ఒకవైపు, ముప్పాతికవి ఒకవైపు, అర అంగుళానివి ఇంకోవైపు. కొలబద్ద పెట్టి చూస్తే వెంట్రుకంత తేడా ఉండదు. ఉరుకుందప్ప మేస్త్రీ దొరలకు పంపే సరుకంతా ఆమె వేళ్ల మీదుగానే పోయేది.

"ఏమప్పా పెద్దన్నా, మీ మేనకోడలు నోట్లో నాలిక లేకుండా పుట్టినా వేళ్లల్లో కొలబద్ద పెట్టుకోని పుట్టిండాది" అని నాతో నవ్వేవాడు. 

పని లేని వేళ ఆమె రాతిపొడిని నేల మీద పరిచి, చూపుడువేలితో చుక్కలు పెట్టేది. ఒకటి, కింద రెండు, కింద మూడు, కింద నాలుగు, మళ్లీ మూడు, రెండు, ఒకటి. పదహారు చుక్కలు. ఎప్పుడూ అవే. గాలి చెరిపేస్తే మళ్లీ పెట్టేది. గనిలో మా పక్కన పనిచేసే హిందూ ఆడవాళ్ల చేతుల మీద పచ్చబొట్లు ఉంటే, వాళ్లు నిద్రపోయే మధ్యాహ్నం వేళ పక్కన చేరి ఒక్కొక్క చుక్కనూ వేలి కొసతో తాకి చూసేది. మనుషులను ముట్టుకోని పిల్ల, చుక్కలను ముట్టుకునేది. ఏళ్ల తరబడి చూశాను. చూశానంతే, అది ఏమిటని అడగలేదు.

ఈ ఏడు గుంతకల్లులో రైలు మారేటప్పుడు ఇంజను ఆవిరి వదిలి కూత వేసింది. ఏసుమణి చెవులు మూసుకుని పరుగెత్తింది. ఆ గుంపులో మాకు మళ్లీ కనపడలేదు. పదకొండు దినాలు వెతికాం. అక్క మెతుకు ముట్టలేదు. చివరికి దొరికింది గూడ్సు షెడ్డులో శనగ బస్తాల సందులో. అక్కడ మూటలు మోసే ఖాసిం సాహెబ్ చూసుకున్నాడు. ఆ పిల్ల తన పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. దిగిన ప్రతి కూలీ గుంపునూ ఆయన అడుగుతూ పోయాడు, మీ పిల్ల ఎవరైనా తప్పిపోయిందా అని.

"ముట్టుకోలేదు అక్కా" అన్నాడు ఆయన మా అక్కతో. "దగ్గరికి పోతే పారిపోతాదని మొదటి దినమే తెలిసిపాయ. రొట్టె ఆ బండ మీద పెట్టి, ఈడికొచ్చి కూసుంటాంటి. నేను దూరం పోయినాక తినేది. అంతే కదా, దాంట్లో ఏముండాది?"

దాంట్లో ఏముందో మాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయన గడ్డం పట్టుకుని దండాలు పెట్టి, పిల్లను తీసుకుని వచ్చేశాం. ఆయన చేసిన పనిని మాత్రం అక్కడే వదిలేశాం.

అప్పటి నుంచి అక్కకు భయం పట్టుకుంది. తన కొంగును కూతురి కొంగుకు ముడి వేసింది. కూతురు ముడిని పళ్లతో కొరికి విప్పింది. లేవి పంతులు రేకుముక్క మీద పేరు చెక్కి దారం కట్టి మెడలో వేశాడు. మెడకు దారం తగిలితే ఆ పిల్ల నిలవలేదు, తెంపి గనిలోని నీళ్లగుంతలో పారేసింది. అప్పుడు మేస్త్రీకి ఆలోచన వచ్చింది.

"పచ్చబొట్టు పొడిపిద్దాం వరమ్మా. మా ఉరుకుంద జాతరకు పోయేటోళ్లు పిల్లోళ్ల చేతి మీద పేరు పొడిపిస్తారు. తప్పిపోతే ఎవురో ఒకరు చదివి తెచ్చిస్తారు. ఇది దారం కాదు గదా, తెంపనీకి."

లేవి పంతులు అక్కడే ఉన్నాడు. ఆయన ఎర్రగుంట్ల గనుల దగ్గర మా కూలీల క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆదివారం వాక్యం చెప్పేదీ ఆయనే, సంఘం పట్టీలో పేరు ఉంచేదీ కొట్టేసేదీ ఆయనే.

"కుదరదు" అన్నాడు. "పచ్చబొట్టు అన్యుల పద్ధతి. పొడిపించుకున్నోళ్లకు ప్రభువు బల్ల దగ్గర చోటు లేదు."

"ఏం పంతులయ్యా" అంది అక్క, "పదకొండు దినాలు నువ్వు ప్రార్థన చేస్తివే, ఆ ప్రార్థనకు గుంతకల్లు గూడ్సు షెడ్డు దావ తెలీకపాయనా? తెచ్చిచ్చింది ఖాసిం సాహెబు. మళ్లీ పోతే ఇంగెవురు తెచ్చిస్తారు?"

అందరూ నవ్వారు. పంతులు మొహం మాడింది. ఆ నవ్వుకు ఏసుమణి చెయ్యి బలైందని నాకు ఇప్పుడనిపిస్తోంది. సంఘం ముందు తగ్గినవాడు ఎక్కడో ఒకచోట గట్టిగా నిలబడి చూపించుకోవాలి కదా. "సరే" అన్నాడు. "పేరు ఒక్కటే. అక్షరాలు ఒక్కటే. నేను రాసిచ్చిందాని మీదనే పొడవాల. చుక్కలు, తేళ్లు, బొమ్మలు ఒక్కటి కనపడినా నేను ఊరుకునేది లేదు."

ఇంతా మాట్లాడుకున్నాం. పది అడుగుల దూరంలో ఏసుమణి రాతిపొడిలో చుక్కలు పెట్టుకుంటోంది. నీకు కావాలా, వద్దా, ఏది కావాలి, ఎక్కడ కావాలి అని ఒక్కరం అడగలేదు. అడిగితే జవాబు చెప్పదని మా ధీమా.

పచ్చబొట్లు పొడిచే సుంకులమ్మ నాలుగో దినం వచ్చింది. ఎరుకలామె, నడివయసు మనిషి. బుట్టలో నాలుగు సూదులు కలిపి కట్టిన కట్ట, దీపపు మసి, ఆకు పసరు, పసుపు. ఎరుకలోళ్లందరినీ సర్కారు దొంగల పట్టీలో రాసి పెట్టింది కదా, ఊరు దాటాలంటే ఆమెకు, వాళ్లను కంచె వేసి కాపలా పెట్టిన సెటిల్‌మెంటు నుంచి పాసు ఉండాలి, పోయిన ప్రతి చోటా పోలీసు స్టేషనులో వేలిముద్ర వేయాలి. గని గట్టున చింతచెట్టు నీడలో కూర్చుని ఆడవాళ్లకు పొడవడం మొదలుపెట్టింది. పొడుస్తూ పాట పాడుతుంది. పాట లేకుండా పొడవడం వాళ్లలో లేదు. నొప్పి పాటలో కలిసిపోవాలంటారు.

మొదటి దినం ఏసుమణి పది బారల దూరంలో నిలబడి చూసింది. రెండో దినం మూడు బారల దూరంలో కూర్చుంది. మూడో దినం తానే వచ్చి సుంకులమ్మ ముందున్న పలక మీద ఎడమచెయ్యి చాపి పెట్టింది. లోపలి వైపు పైకి తిప్పి పెట్టింది. కుడిచేతి వేలితో పక్కన పొడిలో పదహారు చుక్కలు పెట్టింది.

నేను అక్కడే ఉన్నాను. అక్క చెంబు కింద పడేసుకుని పరుగెత్తుకొచ్చింది. 

సుంకులమ్మ చుక్కలను చూసింది, చేతిని చూసింది. "ఇదేనా తల్లీ నీకు కావాల్సింది?" అంది. ఏసుమణి చాపిన చెయ్యి కదల్చలేదు. సుంకులమ్మ సూదుల కట్ట ముంచి పాట ఎత్తుకుంది. వెంటనే ఏసుమణి చెయ్యి లాక్కుని చెవులు మూసుకుంది.

"అయిపాయ, ఇంగ రాదులే" అన్నాను నేను.

"ఉండప్పా, నీకేం తొందర?" అంది సుంకులమ్మ. పాట ఆపేసింది. చాలాసేపు ఊరికే కూర్చుంది. ఏసుమణి చెయ్యి మళ్లీ పలక మీదికి వచ్చింది. "అందరికీ పాటలో నొప్పి పోతాది. ఈ యమ్మికి పాటే నొప్పి" అంది సుంకులమ్మ. పాడలేదు. చేతిని పట్టుకోనూ లేదు. పలక మీద ఉన్న చేతిని అలాగే ఉంచి సూదిని మాత్రం ఆనించింది. ఒక్కో పోటుకూ నాలుకతో 'టక్' అని చిన్న చప్పుడు చేసింది. గడియారం కొట్టినట్టు, ఒకే ఎడంతో.

ఒక చుక్క పడింది. నెత్తురు బొట్టు లేచింది. ఏసుమణి ఊగడం ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఊగే పిల్ల ఊగకుండా కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఆమె లోపల ఏమనుకుందో నాకు తెలియదు. తెలిసినట్టు రాసేవాళ్లంటే నాకు మంట. బయట కనపడింది చెబుతాను. భుజాలు దిగాయి. పిడికిలి విడింది. మొహంలో ఎప్పుడూ ఉండే బిగింపు పోయింది. సూది పోటు ఎప్పుడు వస్తుందో, ఎక్కడ వస్తుందో, ఎంత వస్తుందో ముందే తెలుసు ఆమెకు. మన చేతులు అలా రావు కదా. ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ పడతాయి.

"ఇంగొగటి" అంది ఏసుమణి.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నా కూతురు మనిషి పక్కన కూసోనుండాది సూడు తమ్ముడా. ఒకరి చేతి కింద కూసోనుండాది" అంది. 

ఒక్కో చుక్క అయ్యాక సుంకులమ్మ ఆగేది. ఏసుమణి "ఇంగొగటి" అనేది. అన్నాకే పొడిచేది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ మూడు. మళ్లీ రెండు. మోచేతి కింద మొదలైన బొమ్మ మణికట్టు వైపు దిగింది. పదిహేను చుక్కలయ్యాయి. మణికట్టు మీద ఒక్కటి మిగిలింది.

"ఇంగొగటి" అంది ఏసుమణి.

అప్పుడు వచ్చారు మీరు ఇద్దరూ. లేవి పంతులూ, నీ చేతిలో సిరాబుడ్డి, కలం. మేస్త్రీ, నీ నోట్లో వక్కాకు.

"ఏం జరుగుతాండాది ఈడ?" అన్నావు పంతులూ. "ఏం చెప్పినా నేను? చుక్కలు వద్దని చెప్పినా లేదా? సంఘం పిల్ల చేతి మీద అన్యుల ముగ్గు ఏస్తాండావా ఎరుకలదానా? తియ్యి సూది!"

"ఒక్క చుక్క ఉండాది సామీ, అది పెట్టి ఇచ్చేస్తా" అంది సుంకులమ్మ.

"ఒక్కటి కాదు, సగం గూడ పెట్టేది లేదు. ఆ చెయ్యి అపవిత్రమైపాయ. కుడిచెయ్యి తే, నేను రాస్తా, దాని మీద పొడువు."

ఏం రాయాలి అన్నదానికి ఇంకో గొడవ. అక్క "ఏసేపు కూతురు ఏసుమణి, కోసిగి అని రాయండి" అంది.

"కోసిగిలో ఎవురుండారు మే తెచ్చిస్తే తీసుకోనీకి?" అన్నావు మేస్త్రీ. "ఆరు నెలలు ఆడ తాళమే గదా. పోయినోడి పేరు రాస్తే యాడికి తెస్తారు, సమాధికా? ఎర్రగుంట్ల అని రాయి పంతులూ. నా పేరు రాయి. నా పేరు చెప్తే స్టేషను మాస్టరుకు గూడ తెలుస్తాది."

మాకు అది సబబుగానే తోచింది. అదే మా బుద్ధి. బతికున్న తల్లి పేరు రాయమని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఆ పిల్ల వేళ్లు తన గని దాటి పోకూడదని మేస్త్రీకి ఉంది. అది అప్పుడు నాకు కనపడలేదు.

పంతులు కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఏసుమణి అరిచింది. ఆ అరుపు మీరు మరచిపోయారేమో, గనిలో పనిచేసే నూరుమంది గడ్డపారలు ఆపి నిలబడ్డారు. చెయ్యి లాక్కుని మణికట్టు చూపించి "ఇంగొగటి, ఇంగొగటి" అంది. మేస్త్రీ భుజం అదిమాడు. తల బండకు కొట్టుకుంటోందని అక్క తల పట్టుకుంది. కాళ్లు తన్నుకుంటోందని నేను కూర్చున్నాను. తొందరగా అయిపోతుందిలే అనుకున్నాను. మంచికే కదా అనుకున్నాను. చెడ్డపని చేసేవాడెవడూ చెడ్డకు అనుకుని చెయ్యడు, ఈ మాట బాగా గుర్తు పెట్టుకోండి.

సుంకులమ్మ సూదులు కింద పెట్టేసింది. "పట్టుకుంటే నేను పొడవను సామీ. వదలండి. రెండు దినాలు ఆగితే ఆ చెయ్యి గూడ తనే ఇస్తాది" అంది.

"నీ పాసు నిన్నటితో అయిపాయ గదా?" అన్నాడు మేస్త్రీ. "స్టేషనుకు కబురు పెట్టమంటావా?"

ఆమె పొడిచింది. పెదవులు బిగించి, తల ఎత్తకుండా పొడిచింది. ఏసుమణి, ఎర్రగుంట్ల, ఉరుకుందప్ప మేస్త్రీ. మూడు వరుసలు. సగంలోనే అరుపు ఆగిపోయింది. గొంతు పోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

"ఆ ఒక్క చుక్క పెట్టి పోతా. కాళ్లు పట్టుకుంటా" అంది సుంకులమ్మ పసుపు అద్దుతూ.

"నడువు" అన్నాడు పంతులు.

ఆమె పోయింది. ఊరి చివర పోలీసులు పట్టుకుని సెటిల్‌మెంటుకు తోలారు. కబురు ఎవరు పెట్టారో మేస్త్రీకే తెలియాలి.

ఆ తర్వాత ఏసుమణి కుడిచెయ్యి వాడలేదు. విరగలేదు, వాయలేదు, అక్షరాలు చక్కగా మానాయి. కానీ ఆ చెయ్యి ఆమెది కాకుండా పోయింది. తినడం ఎడమచేత్తో. గోనెగుడ్డ చుట్టుకుని కుడిచేతిని ఒళ్లో పెట్టుకునేది, ఎవరిదో వస్తువు దాచిపెట్టినట్టు. రెండు వేళ్ల మధ్య పలక పట్టడం లేదు. ఏ చేతి మీద నీ పేరు పొడిపించుకున్నావో ఆ చెయ్యి నీకు పనికిరాకుండా పోయింది మేస్త్రీ. మందాలన్నీ కలిసిపోయాయని దొర బండి వెనక్కి తిప్పి పంపినప్పుడు నువ్వు ఎంత తిట్టావో నాకు గుర్తుంది.

ఎడమచెయ్యి సంగతి వేరు. దాన్ని పొద్దస్తమానం చూసేది. పదిహేను చుక్కలూ ఒక్కొక్కటే పెదవితో తాకి, మణికట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయేది. మళ్లీ మొదటి నుంచి. "ఇంగొగటి" అనేది. అక్క ఇంకో కొర్రముద్ద పెట్టేది. నేనూ పెట్టాను. ఆకలేమో అనుకున్నాం. ముద్దను పక్కకు తోసి మళ్లీ "ఇంగొగటి" అంటే, మొండితనం అనుకున్నాం. ఆ పిల్ల ఏడాదికి పదిసార్లు మాట్లాడే పిల్ల, దినానికి నూరుసార్లు ఒకే మాట చెబుతోంది. మాకు చెవులు లేవు.

నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఒక దినం గని గట్టున పలకల దిబ్బ వెనక చూశాను. నాపరాయి విరిగితే మూల సూదిలా ఉంటుంది. ఏసుమణి ఆ మూల మీద ఎడమ మణికట్టు ఆనించి, ఒళ్లంతా బరువు వేసి ఒత్తుతోంది. నాలుకతో 'టక్' అంటోంది. చుక్క పడాల్సిన చోటే, సరిగ్గా అక్కడే. ఎన్ని దినాల నుంచి ఒత్తుతోందో, గుంత పడి చీము పట్టి ఉంది.

మసి తెచ్చి ఆ చోటికి కాస్త పైన నేనే చుక్క పెట్టాను. చూసింది. ఎంగిలితో తుడిచేసింది. పూసినదానికీ పొడిచినదానికీ తేడా ఆమెకు తెలియదా? గుడ్డ కట్టాను, విప్పింది. పలక మూలలు సుత్తితో కొట్టాను, గనిలో ఎన్ని మూలలని కొట్టను? వారానికి చెయ్యి ముంజేతి సగం దాకా వాచింది. రైల్లో కడపకు తెచ్చాం.

ఆస్పత్రిలో రిజిస్టరు రాసే గుమస్తా పిల్ల పేరు అడిగి, మేము చెప్పేలోపే కుడిచెయ్యి పట్టుకుని చదివాడు. ఏసుమణి. ఊరు ఎర్రగుంట్ల. భర్త ఉరుకుందప్ప.

"భర్త కాదయ్యా, మేస్త్రీ" అంది అక్క.

"చేతి మీద పేరుంది కదమ్మా. పెళ్లాం చేతి మీద కాక ఇంకెవరి చేతి మీద ఉంటుంది?" అన్నాడు. రాసేశాడు. రాసింది కొట్టేయడం ఆయన చేతిలో లేదట.

డాక్టరు చూశాడు. పిల్ల పట్టీ విప్పి మంచం ఇనుప కొసకు మణికట్టు ఆనించి ఒత్తుతుంటే, చేతులు కట్టమన్నాడు. కట్టారు. కట్టేటప్పుడు నలుగురు పట్టుకున్నారు. మళ్లీ నలుగురు. అక్కను బయటికి పంపారు. తల్లి అని కాగితంలో లేదు. సాయంత్రం నాలుగింటికి వచ్చి కిటికీ లోంచి చూసుకోమన్నారు. వాపు మోచెయ్యి దాటితే చెయ్యి తీసేయాలని, దానికి భర్త సంతకం కావాలని చెప్పారు.

నేను సుంకులమ్మను వెతుక్కుంటూ సెటిల్‌మెంటుకు పోయాను. ముళ్లకంచె అవతల నుంచి మాట్లాడింది. జరిగిందంతా చెప్పాను.

"పుండు మీద ఇప్పుడు పొడవకూడదప్పా" అంది. "మానినాక పెడతా. అయితే నేను వచ్చినానని ఆ తల్లికి కనపడాల. పక్కన కూసుంటా, సూదుల కట్ట ముందర పెడతా. చూస్తే చాలు, కాచుకుంటాది. ఆ పిల్లకు కాచుకోవడం వచ్చు. మూడు దినాలు కాచుకోని గదా నా దగ్గరికి వచ్చింది."

సెటిల్‌మెంటు మేనేజరు దొర దగ్గరుండే గుమస్తా పాసు కాగితం ఇచ్చాడు. బయటికి పంపాలంటే ఇద్దరు పెద్దమనుషులు పూచీ సంతకం పెట్టాలి. రైతో, గని మేస్త్రీయో, గుడి పెద్దో. కూలివాడి వేలిముద్ర పనికిరాదు, నా సంతకం పనికిరాదు. కాగితంలో కారణం అని ఒక గడి ఉంది. "ఏం రాయమంటావు?" అన్నాడు గుమస్తా. 

"ఒక చుక్క" అన్నాను. 

నవ్వాడు. ఇదేం వేళాకోళమప్పా అన్నాడు. రాయలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది.

కాగితం పట్టుకుని లేవి పంతులు దగ్గరికి వచ్చాను. చదివి మడిచి ఇచ్చాడు. "పచ్చబొట్టు కోసం సంఘం పెద్ద సంతకం పెట్టినాడని మిషను వాళ్లకు తెలిస్తే నా పని ఏమయితాదో తెలుసునా? ప్రార్థన చేస్తాను పో పెద్దన్నా. అంతకన్నా నా చేతుల్లో ఏముండాది?"

నీ చేతుల్లో ఆ పొద్దు ఆ పిల్ల కుడిచెయ్యి ఉండింది పంతులూ. అంత బలం ఉండింది నీ చేతుల్లో.

మేస్త్రీ దగ్గరికి పోయాను. "దొంగల సెటిల్‌మెంటుకు నేను పూచీ పడాల్నా? ఆ ఎరుకలది పారిపోతే నన్ను పట్టుకుంటారు. పిచ్చిదాని చుక్క కోసం నేను స్టేషను మెట్లెక్కేదేంది? నవ్వుతారప్పా."

"చెయ్యి తీసేస్తామంటాండారు మేస్త్రీ."

"దానికి సంతకం గావాలంటే చెప్పు, పెడతా. ఎడమచెయ్యే గదా" అన్నాడు.

ఈ మాట నేను కల్పించలేదు. గని గట్టున పదిమంది విన్నారు.

కడపలో ఖద్దరు వకీలు ఒకాయన ఉన్నాడు, సభల్లో బాగా మాట్లాడతాడు. ఆయన్నూ అడిగాను. స్వరాజ్యం రానీ, ఈ పాసులు, సెటిల్‌మెంట్లు అన్నీ ఎత్తేస్తాం అన్నాడు. స్వరాజ్యం వచ్చేసరికి వాపు మోచెయ్యి దగ్గర ఆగుతుందా అని అడిగాను. నా వైపు చూసి, ఇంకో కక్షిదారును పిలిచాడు. డాక్టరును అడిగాను. చుక్క పెడితే పుండు మానుతుందా అని నవ్వాడు. మానదు. అంత మాత్రం నాకూ తెలుసు. పుండు మందుతో మానాలి. కానీ ఆ చుక్క వస్తుందని తెలిస్తేనే ఆ పిల్ల అక్కడ ఒత్తడం ఆపుతుంది. ఒత్తడం ఆపితేనే చేతులు విప్పుతారు. ఇంత చిన్న లెక్క ఎందుకు తెలియదు మీకు?

నిన్న నాలుగింటికి కిటికీ దగ్గర నిలబడ్డాం, అక్కా నేనూ. ఏసుమణి పైకప్పు దూలాలు చూస్తోంది. కట్టిన ఎడమచెయ్యి పిడికిలి మూసుకుని ఉంది. ఊగడానికి కూడా లేకుండా నడుముకు పట్టా వేశారు. తల ఒక్కటి అటూ ఇటూ ఆడుతోంది. పెదవులు కదిలాయి. గొంతు లేదు. కిటికీ అవతల నుంచి మాకు వినపడలేదు. ఏం అంటోందో మాత్రం తెలుసు.

"ఇస్తా తల్లీ, ఇస్తా" అంది అక్క ఇనుప చువ్వలు పట్టుకుని. ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? వాపు మోచేతికి ఇంకా రెండు వేళ్ల దూరం ఉంది. నేను కొలిచాను, కిటికీ లోంచి, కంటితో.

కాగితం నా దగ్గర ఉంది. రెండు సంతకాలకు చోటు ఉంది. లేవి పంతులూ, ఒకటి నీది. ఉరుకుందప్ప మేస్త్రీ, ఒకటి నీది. కారణం గడిలో ఏం రాయాలో సిగ్గుపడితే రాయకండి, నేను రాస్తాను, ఒక చుక్క అని. సంతకం పెట్టి సుంకులమ్మను ఆ మంచం పక్కన కూర్చోనివ్వండి. మేస్త్రీ, ఆస్పత్రికి పోయి రిజిస్టరులో నీ పేరు కొట్టించి వరమ్మ పేరు రాయించు, తల్లి లోపలికి పోవాలి. ఆ కట్లు విప్పించండి. విప్పేటప్పుడు ఎవరూ ఆ పిల్లను పట్టుకోవద్దు. ఖాసిం సాహెబ్ రొట్టె పెట్టినట్టు, కావాల్సింది పక్కన పెట్టి దూరంగా కూర్చోండి. చెయ్యి ఆమె ఇస్తుంది. ఇచ్చేదాకా ఆగండి.

కలం కూడా తెచ్చాను. పెట్టండి సంతకం. రేపు కాదు, ఈ పొద్దే. నాలుగింటి లోపల.